మిస్ ఒడెస్సా మోకాళ్లు

ఒడెస్సా ప్రూయిట్ కుడి మోకాలు టక్కుమంటే డెట్రాయిట్ పిల్లల కోర్టులో పాతికమంది లేచి నిలబడేవారు.

ఆ కోర్టులో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, నినాదాల అట్టలు పట్టుకోకూడదు. నిలబడకూడదని మాత్రం ఎక్కడా లేదు. ఆ సందులోంచే ‘సెకండ్ రో’ అనే సంస్థ పుట్టింది. పట్టుబడిన పిల్లవాడి పేరు పిలవగానే రెండో వరసలోనూ, దాని వెనక వరసల్లోనూ కూర్చున్న వాళ్లంతా ఒక్కసారిగా లేస్తారు. ఎవరూ నోరు మెదపరు. ఈ పిల్లవాడికి ఇంతమంది ఉన్నారని జడ్జికి కనపడాలి, అంతే. మొదటి వరస ప్లీడర్లది కాబట్టి వీళ్లది రెండో వరస అయింది.

ఎప్పుడు లేవాలో చెప్పడానికి సైగలేమీ లేవు. రెండో వరస చివర, నడవ పక్కన, ఊదారంగు దిండు వేసుకుని కూర్చునే ఒడెస్సా, అందరూ గౌరవంగా పిలిచే మిస్ ఒడెస్సా, లేస్తే అందరూ లేచేవారు. లేచేముందు ఆవిడ మోకాలు చప్పుడు చేసేది. కార్ల ఫ్యాక్టరీలో యంత్రాల మధ్య పనిచేసి సగం చెవుడు తెచ్చుకున్న చర్చి పెద్ద, డీకన్ క్లియోటిస్ బార్న్‌హిల్‌కి కూడా అది వినిపించేది. ‘చెవిలో మిషన్ పెట్టుకోమంటారు డాక్టర్లు. ఆవిడ మోకాలుండగా నాకెందుకది?’ అని అందరికీ చెప్పుకునేవాడు.

ఒడెస్సా ముందు కూర్చోవడానికే పుట్టిన మనిషి. వాళ్లమ్మ ఎట్టా మే అలబామా నుంచి వచ్చింది. అక్కడ ఆ రోజుల్లో నల్లవాళ్లు బస్సు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపులోంచి ఎక్కి, వెనక సీట్లో కూర్చోవాలి. డబ్బులిచ్చి వెనక్కి నడిచేలోపు బస్సు కదిలిపోయిన రోజులూ ఉండేవట. డెట్రాయిట్ చేరాక ఎట్టా మే మళ్లీ ఎక్కడా వెనక కూర్చోలేదు. చర్చిలో మొదటి బెంచీ, సినిమాకి వెళితే మెడ పట్టేసినా సరే మొదటి వరస. పిల్లలకీ అదే నేర్పింది. ఒడెస్సా సిటీ బస్సు డ్రైవరుగా చేరిన మొదటి రోజు ఎట్టా మే చర్చికి పెట్టుకునే ఆదివారం టోపీ పెట్టుకుని వచ్చి, కూతురి వెనకే ఉన్న సీట్లో కూర్చుని, లైను ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగిందే తిరిగింది. దిగేటప్పుడు మెట్టు మీద ఆగి, ‘దీనికంటే ముందు సీటు ఇక లేదు తల్లీ’ అంది.

ఉద్యోగమంతా ఒడెస్సా ఆ సీట్లోనే చేసింది. వెనక ఎవరు కొట్టుకుంటున్నారో, ఎవరు ఏడుస్తున్నారో తల తిప్పకుండా అద్దంలో చూసి చెప్పేది. అక్క కొడుకు డెల్‌రాయ్‌ని పద్నాలుగో ఏట దొంగతనం కేసులో పట్టుకెళ్లినప్పుడు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వాయిదాకి వెళ్లింది. వాడి పేరు పిలవగానే ఇంటివాళ్లు లేవాలేమో అనుకుని లేచింది. ఎవరని అడిగాడు అప్పటి జడ్జి. ‘పిన్నిని. వీడికి ఇంకా చాలామంది ఉన్నారు, ఈవేళ పనుల్లో ఉన్నారు’ అని జవాబిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలి కదా. తర్వాతి వాయిదాకి చర్చి పాటల బృందాన్ని మొత్తం వెంటబెట్టుకెళ్లింది. వాళ్లు అంగీలతో సహా వచ్చేసరికి, పాడబోమని ప్రమాణం చేయించుకుని మరీ లోపలికి వదిలాడు బంట్రోతు. డెల్‌రాయ్ ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు ఊళ్లో సగం ఇళ్లకి పైకప్పులు వేస్తాడు, పిన్ని చెప్పిన ప్రతిదానికీ ఎదురు చెబుతాడు.

అలా మొదలైనదానికి తర్వాత ఆఫీసు వచ్చింది, కమిటీ వచ్చింది, చట్టాలు మార్చమని రాజధాని లాన్సింగ్‌కి వెళ్లి అడిగేంత పేరూ వచ్చింది. అన్నిటికీ ఒడెస్సాయే డైరెక్టరు. డెబ్బై నిండాక మోకాళ్లు ఇక కుదరదన్నాయి. తన తర్వాత రెనీటా కాబ్స్ అని ఆవిడే ప్రకటించింది.

రెనీటా పదహారో ఏట దొంగిలించిన కారు వెనక సీట్లో దొరికిన పిల్ల. ఆమె కోసమూ ఈ జనమే లేచి నిలబడ్డారు. తర్వాత కాలేజీ చదువు చదివి, తిరిగి ఇక్కడికే వచ్చి పనిలో చేరింది. మెల్లగా మాట్లాడుతుంది, పొట్టిగా ఉంటుంది, చెప్పిన టైముకి వస్తుంది. చివరి గుణం ఒక్కటే సంస్థలో ఎవరికీ మింగుడుపడలేదు.

మే నెలలో చర్చి కింది హాల్లో వీడ్కోలు విందు జరిగింది. వేయించిన చేపలు, చిలగడదుంప ‘పై’ అనే తీపి రొట్టె, ఎర్ర సోడా. పాస్టరు ప్రసంగం అయ్యాక నలుగురు కలిసి ఒక ఊగే కుర్చీ మోసుకొచ్చారు. ఒడెస్సా దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఇక కూర్చోమని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన దారి దొరికినట్టు లేదంది. హాలంతా నవ్వింది. ఇంటికి తెచ్చాక ఆ కుర్చీ మీద ఉతికిన బట్టలు పోసింది.

మరుసటి వారం నుంచి తంటా మొదలైంది. మంగళవారం ఆరింటికి మీటింగు అని రెనీటా అందరికీ కబురు పంపేది. అందరూ ఒడెస్సాకి ఫోన్ చేసి, నిజంగా ఆరింటికేనా అని అడిగేవారు. రెనీటా ఎలా చెబితే అలా అని ఒడెస్సా చెప్పేది. అప్పుడు ఆరింటికి వచ్చేవారు. నెల తిరిగేసరికి అందులోని మెలిక ఒడెస్సాకి అర్థమైంది. ఆమె మాట వినండి అని తాను చెబితే, వాళ్లు విన్నది తన మాటే అవుతోంది. చెప్పకపోతే ఎవరూ రారు. ముందుకెళితే నుయ్యి, వెనక్కొస్తే గొయ్యి.

జూలైలో ఒక సాయంత్రం రెనీటా వచ్చి ఒడెస్సా ఇంటి మెట్ల మీద కూర్చుంది. లాన్సింగ్‌లో పిల్లల హక్కుల కార్యాలయం వాళ్లు తనకి ఉద్యోగం ఇస్తామంటున్నారని చెప్పింది. సెప్టెంబరులోగా జవాబివ్వాలట.

‘వెళ్తావా?’ అంది ఒడెస్సా.

‘వెళ్లాలని లేదు. కానీ మిస్ ఒడెస్సా, నేను నోరు తెరిస్తే వాళ్లు మీ మొహం చూస్తారు. సెప్టెంబరుకీ అలాగే చూస్తూ ఉంటే, ఇక్కడ నేనుండి చేసేదేముంది? మీ కుర్చీకి కాపలా కాయడమేగా.’

‘వాళ్లకి నేను గట్టిగా చెబుతాను.’

‘అదే వద్దంటున్నా.’

ఇద్దరూ నవ్వారు. రెనీటా వెళ్లాక ఒడెస్సాకి నవ్వు రాలేదు. ఆ పిల్ల తప్ప ఈ బండిని నడపగలిగే వాళ్లు లేరని ఆవిడకి తెలుసు. కమిటీ షికాగో నుంచి ఎవరో సూటువాలాని తెస్తుంది. అతను చార్టులు గీస్తాడు. క్లియోటిస్ మొదటి వారంలోనే అతన్ని ఏడిపిస్తాడు.

ఆగస్టు వాయిదాకి కొత్త ఏర్పాటు చేశారు. టెరెన్స్ అనే పిల్లవాడి కేసు. రెనీటా ముందు లేస్తుంది, ఆమెను చూసి అందరూ లేవాలి. ఒడెస్సా మామూలు సభ్యురాలిగా తన చోట తాను కూర్చుంటుంది. రెనీటా పెట్టిన మరో నియమం కూడా ఉంది. ఇంటివాళ్లు గానీ పిల్లలు గానీ అడగకుండా ఎవరికోసమూ లేవకూడదు. అడక్కుండా మీద పడితే అది సాయం కాదు, తమాషా అవుతుందని ఆమె పట్టుదల. ఒడెస్సాకీ అది నచ్చింది.

ఆ రోజు కేసుల వరస మారింది. టెరెన్స్ ప్లీడరు ఇంకా పై అంతస్తులో ఉన్నాడు. గంట దాటిపోయింది. ఊదారంగు దిండు మీద ఒడెస్సా కుడికాలు కర్రలా బిగుసుకుపోయింది. చాపింది, తట్టింది, పిక్క పిసుక్కుంది, లాభం లేకపోయింది. ముందు బెంచీ పట్టుకుని, కాస్త నిలబడితే తగ్గుతుందని పైకి లేచింది. మోకాలు టక్కుమంది. సరిగ్గా అప్పుడే గుమస్తా ఎవరిదో పేరు చదివాడు.

ఆవిడ వెనక పాతికమంది లేచి నిలబడ్డారు.

లోపలికి తీసుకొచ్చింది టెరెన్స్‌ని కాదు. నోట్లో చొక్కా కాలరు అంచు నములుతున్న ఒక అమ్మాయిని. పేరు జమైరా. పక్కన ప్లీడరు తప్ప తనవాళ్లంటూ ఎవరూ లేరు. వెనక అలికిడికి తిరిగి చూసి నమలడం మానేసింది. రెనీటా కూర్చునే ఉంది. తల తిప్పి చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తనూ లేచింది.

జడ్జి వోజ్నియాక్ కళ్లద్దాల పైనుంచి చూసింది. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మొహం వైపే చూసింది.

‘మిసెస్ ప్రూయిట్, ఈ అమ్మాయి కూడా మీ మనిషేనా?’

ఒడెస్సా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. అవునంటే సరిపోతుంది, పిల్లకి మేలే జరుగుతుంది. కానీ నోరు గట్టిగా మూసుకుని రెనీటా వైపు చూసింది.

‘పొరపాటు జరిగింది యువరానర్’ అంది రెనీటా. ‘మమ్మల్ని ఈ అమ్మాయి రమ్మనలేదు. ఈమె ఎవరో మాకు తెలీదు. కానీ ఎలాగూ లేచాం కాబట్టి, ఉండమంటే ఉంటాం. వద్దంటే క్షమాపణ చెప్పి కూర్చుంటాం. ఆమెనే అడగండి.’

జడ్జి అమ్మాయిని అడిగింది. జమైరా వాళ్లందరినీ ఒక చివర నుంచి ఇంకో చివరకి చూసింది. డీకన్ క్లియోటిస్ పసుపు టై దగ్గర కాసేపు ఆగింది.

‘ఉండనివ్వండి. ఆ పెద్దావిడ మాత్రం కూర్చోవచ్చు. కాలు నొప్పి పెడుతున్నట్టుంది’ అంది.

ఒడెస్సా కూర్చుంది.

ఆవిడతోపాటు పాతికమందీ కూర్చున్నారు.

రెనీటా ఒక్కతే నిలబడి ఉంది. ముందు బంట్రోతు నవ్వాడు, తర్వాత ప్లీడర్లు, జమైరా కూడా. జడ్జి కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకుంది. రెనీటా వెనక్కి తిరిగి, లేవమన్నట్టు చెయ్యెత్తింది. పాతికమందీ ఒడెస్సా వైపు చూశారు. పాడు అలవాటు. ఒడెస్సా తల ఊపింది. అప్పుడు లేచారు.

తల ఊపకుండా ఉండాల్సిందని, ఊపాక తెలిసింది ఆవిడకి.

అమ్మాయికి ఫ్లింట్ ఊళ్లో ఒక అమ్మమ్మ ఉందనీ, రావడానికి బండి దొరకలేదనీ ప్లీడరు చెప్పాడు. వచ్చే గురువారం ఆమెను తీసుకురాగలిగితే అమ్మాయిని ఆమెతో పంపే సంగతి ఆలోచిస్తానంది జడ్జి. ఆ తర్వాత టెరెన్స్ వంతు వచ్చింది. ఒడెస్సా వైపు ఒకసారి చూసి మరీ అందరూ సరిగ్గానే లేచారు. అయినా ఆ పూట ఎవరికీ అది గుర్తులేదు.

వాయిదా అయ్యాక అలవాటుగా ఎదురు సందులోని కోనీ హోటల్లో కూలబడ్డారు. సాసేజి రొట్టెల మీద మాంసం పులుసు కారుతుండగా క్లియోటిస్ ఆ ఘట్టాన్ని కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని నటించి చూపించాడు. అరవై ఏళ్లుగా చర్చిలో లేవడం, కూర్చోవడం చేస్తున్నా ఇంత గందరగోళపు ఆరాధన చూడలేదన్నాడు. రెనీటా కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక, కాగితపు రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ, గురువారం అమ్మమ్మని ఫ్లింట్ నుంచి తీసుకురావాలంది.

‘క్లియోటిస్‌కి చెబుతాను’ అంది ఒడెస్సా.

‘అతనికి ఎడమవైపు హారన్ వినిపించదు. నాకు డ్రైవరు కావాలి. మీరు వెళ్లండి.’

మిస్ ఒడెస్సాకి పని చెప్పిన వాళ్లని బల్ల చుట్టూ ఉన్న ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

‘ఎన్నింటికి బయల్దేరాలి?’ అంది ఒడెస్సా.

గురువారం ఆవిడ డెల్‌రాయ్ వ్యాను తీసుకుని ఫ్లింట్ వెళ్లింది. జమైరా అమ్మమ్మ మిసెస్ లోటీ గ్రీర్ పక్క సీట్లో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, దారి పొడుగునా మనవరాలి తెలివితేటల గురించీ, మొండితనం గురించీ సమానంగా చెప్పింది. డ్రైవింగు బాగుందని మెచ్చుకుంది. మధ్యలో రోడ్డు పని వల్ల ఆలస్యమైంది. పార్కింగు దొరకడం ఇంకా ఆలస్యమైంది. ఇద్దరూ కోర్టు హాలు తలుపు తోసేసరికి గుమస్తా కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మిసెస్ గ్రీర్ సంచీతో సహా గబగబా ముందుకి, మనవరాలి దగ్గరికి నడిచింది.

ఒడెస్సా తలుపు దగ్గర నిలబడింది. రెండో వరస చివర తన చోటు ఖాళీగా ఉంది. పాతవాళ్లెవరో ఆఫీసు నుంచి ఊదారంగు దిండు తెచ్చి వేసి ఉంచారు. నడవలోంచి పది అడుగులు వేస్తే చాలు. క్లియోటిస్ వెనక్కి తిరిగి చూసి, రమ్మని గడ్డంతో సైగ చేశాడు.

పక్కనే, గోడకి ఆనుకుని, ఆఖరి బెంచీ ఉంది. దాని మీద ఎవరో మర్చిపోయిన గొడుగు తప్ప ఏమీ లేదు.

ఒడెస్సా ఆ బెంచీ వైపు కాసేపు చూసింది. ఆదివారం టోపీ పెట్టుకున్న వాళ్లమ్మ కళ్లముందు కనపడింది. అలా కనపడితే ఆవిడతో వాదించడం ఒడెస్సాకి చిన్నప్పటి నుంచీ అలవాటే. అమ్మా, ఇక్కడ కూర్చోమని నన్నెవరూ అనలేదు అని మనసులోనే చెప్పింది. ఎట్టా మే ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. ఒడెస్సా గొడుగు పక్కకి జరిపి కూర్చుంది.

అక్కడి నుంచి వాళ్లందరి వీపులూ కనిపించాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడనివి. క్లియోటిస్ నడినెత్తిన డాలరు బిళ్లంత బట్టతల ఉంది, ముందు నుంచి చూస్తే తెలీదు. డెల్‌రాయ్ చొక్కా వెనక తారు మరక. చర్చి పాటల బృందంలో పాడే బెర్నిస్ కొత్త జాకెట్టుకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది, బహుశా తిరిగి ఇచ్చేసే ఉద్దేశంతోనే. నవ్వు ఆపుకోవడానికి ఒడెస్సా పెదవి కొరుక్కుంది.

‘జమైరా గ్రీర్’ అని చదివాడు గుమస్తా.

రెనీటా లేచింది.

కొన్ని తలలు ఊదారంగు దిండు వైపు తిరిగాయి. దిండు లేవలేదు. కొన్ని తలలు ఇంకా వెనక్కి, ఆఖరి బెంచీ దాకా రాబోయాయి. ఒడెస్సా వంగి, అవసరం లేకపోయినా జోడు తాడు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. బెంచీల కింద నుంచి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఎవరివీ కదలడం లేదు. రెనీటా నల్లజోళ్లు మాత్రమే నిలువుగా నేలని పట్టుకుని ఉన్నాయి.

తర్వాత క్లియోటిస్ పెద్ద బూట్లు వెనక్కి జరిగాయి. బెంచీ కిర్రుమంది. ఆ పక్కన బెర్నిస్ మడమలు. ఆపైన ఒక్క పెట్టున అందరివీ.

వాళ్లంతా నిలబడ్డాక ఒడెస్సా ముందు బెంచీ పట్టుకుని లేచింది. ఆ నిశ్శబ్దంలో మోకాలు ఎన్నడూ లేనంత గట్టిగా టక్కుమంది.

ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

జమైరాని అమ్మమ్మతో పంపారు, ప్రతి నెలా వచ్చి కనపడాలన్న షరతు మీద. వరండాలో ఆ అమ్మాయి క్లియోటిస్‌ని పసుపు టై ఎక్కడ కొన్నాడని అడిగింది. అతను వినపడనట్టు నటించాడు. రెనీటా జనాన్ని తప్పించుకుని ఒడెస్సా దగ్గరికి వచ్చింది.

‘వెనక ఎవరో ఆలస్యంగా లేచారు’ అంది.

‘వయసైపోయిన సభ్యురాలు. మందలించు.’

‘ఈసారికి వదిలేస్తున్నా.’ రెనీటా ఆవిడ చేతిలో తాళంచెవుల గుత్తి చూసింది. ‘వాళ్లని ఫ్లింట్‌లో దింపాలి. రోడ్డు పని ఉంది, పాత దారిలో వెళ్లండి. లాన్సింగ్ వాళ్లకి కుదరదని ఈ సాయంత్రం రాస్తాను.’

రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పి వెళ్లిపోయింది.

ఒడెస్సా పాత దారిలోనే వెళ్లింది. వెనక సీట్లో అమ్మమ్మా మనవరాలూ మొదటి సిగ్నల్ దాటకముందే పోట్లాట మొదలుపెట్టారు. అద్దంలో చూసి, ఇది ఫరవాలేని పోట్లాటే అని తేల్చుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ ఊగే కుర్చీ మీది బట్టలు తీసి మడతపెట్టి, ఖాళీగా ఉంది కదా అని కూర్చుంది. కుర్చీ చెడ్డదేమీ కాదు. ఫోను పక్కనే పెట్టుకుంది. మూడయింది, నాలుగయింది, ఎవరూ చేయలేదు. ఐదింటికి ఫోను పనిచేస్తోందో లేదో చూసుకుంది, పనిచేస్తోంది. మరికాసేపు ఊగింది. ఇక ఉండబట్టలేక రెనీటాకి ఫోన్ చేసింది.

‘మీటింగు నిజంగా ఆరింటికేనా?’

అవతల ఎవరో బల్లలు జరుపుతున్నారు. క్లియోటిస్ ఎవరినో గట్టిగా ఆటపట్టిస్తున్నాడు. జనం అప్పుడే వచ్చేసినట్టున్నారు.

‘ఆరింటికే మిస్ ఒడెస్సా. మళ్లీ ఆలస్యం చేయకండి.’

ఒడెస్సా జోళ్లు తొడుక్కుంది.